రెండు పూతల నిమ్మకాయలు

వరంగల్‌లో సరుకు దాచి అమ్మినవాళ్లు చాలామంది ఉన్నారు. బియ్యం దాచినవాళ్లు మేడలు కట్టారు, మిర్చి దాచినవాళ్లు పెళ్లిళ్లు చేశారు, పత్తి దాచి మునిగినవాళ్లూ లేకపోలేదు. కానీ దాదాపు నాలుగు వేల నిమ్మకాయలకు రెండేసి చొక్కాలు తొడిగి, చల్లని గదిలో వరుసగా పడుకోబెట్టి, ఊపిరాడకుండా చేసి చంపిన ఘనత మాత్రం నా ఒక్కదానిదే. ఈ విషయంలో ఈ ఊళ్లో నాకు పోటీ లేదు. ఉందని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

ఆ చొక్కాలు మైనంతో చేసినవి. అచ్చమైన తేనె మైనం, నోట్లో వేసుకుని నమిలినా తప్పులేనిది. దాన్ని కూడా ఊరికే కొనలేదు, కిలోకు ఐదు రూపాయలు తగ్గించి మరీ కొన్నాను. తెలివితక్కువ పనిని చవకగా చేయడం అందరికీ చేతకాదు.

మాది స్టేషన్ రోడ్డు నుంచి ఒక గల్లీ లోపలికి కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, ఇంటి వెనక సరుకుల గది. మా తాత, మా బాపు, పెద్దబాపులు, మేనమామలు అందరూ గల్లా పెట్టె వెనక పుట్టి దాని వెనకే ముసలివాళ్లయిన మనుషులు. నాకు మాటలకంటే ముందు బేరం వచ్చిందని బాపు వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. పెళ్లయినా, మా ఆయన ఉద్యోగం ఊళ్లోనే కాబట్టి, పొద్దున వంట ముగించి వచ్చి బాపు గల్లా మీద నేనే కూర్చునేదాన్ని. డెబ్బైల చివరి రోజులవి. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. ధర అడిగి వెళ్లిపోయే మనిషిని మూడో అడుగులోపు వెనక్కి పిలవగలిగేదాన్ని. అది చదువనే అనుకునేదాన్ని.

మైనం సంగతి మాకు కొత్తది కాదు. మా బాపమ్మ, అంటే బాపును కన్న తల్లి, ప్రతి ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టి ఊరూరా ఉన్న చుట్టాలకు జాడీలు పంపేది. బస్సు మీద, రైల్లో, లారీ డ్రైవర్ల కాళ్ల దగ్గర ఆ జాడీలు ప్రయాణం చేసేవి. నూనె కారకుండా, గాలి చొరకుండా వాటి మూతులను మైనంతో మూసేది. వెడల్పు గిన్నెలో నీళ్లు మరిగించి, ఆ నీళ్లలో చిన్న ఇత్తడి గిన్నె నిలబెట్టి, అందులో మైనం ముక్కలు వేసేది. ముక్కలు ముందు అంచుల దగ్గర మెత్తబడి, తర్వాత ఒకదానిమీదొకటి ఒరిగి, చివరికి పసుపు కలిపిన పాలలాంటి రంగులో నిండుగా ఊగేవి. జాడీ మూతికి తెల్లటి గుడ్డ కట్టి, దానిమీద గరిటెతో వలయంగా పోసేది. మైనం గడ్డకట్టేటప్పుడు ఒక చిన్న నిశ్శబ్దం ఉంటుంది. ముందు మెరుపు పోతుంది, తర్వాత తడి పోతుంది, తర్వాత అది ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు కూర్చుంటుంది. అప్పటిదాకా ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే ఏమవుతుందో బాపమ్మ ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పటికీ ఎక్కడైనా మైనం కరిగే వాసన వస్తే నా నోరు దానంతటదే మూతపడుతుంది. మా ఆయన ఇంట్లో నాలుగు కొవ్వొత్తులు ఎప్పుడూ ఉంచుతాడు, కరెంటు పోతే ఉంటాయనే అంటాడు.

కొవ్వొత్తి మైనం గురించి ఒక మాట. చౌరస్తాలో కొవ్వొత్తులు పోసే వ్యాపారి ఒకాయన తెల్లటి మైనం పలకలు కిలో నాలుగుకు ఇస్తానన్నాడు. నేను చేయి చాపబోయాను. బాపమ్మ ఆ పలకను ముక్కు దగ్గర పెట్టుకుని, గాసునూనె సీసా మూత తీసినట్టు మొహం పెట్టింది.

"గిది దీపానికి. కడుపుకు గాదు. తినేదాని మీద పుయ్యాలంటే తేనె ఈగ పెట్టిన మైనమే గావాలె."

అంతే. ఆ విషయంలో మాత్రం బేరం లేదు.

ఒక చలికాలం బియ్యం డబ్బా జరిపితే, దాని వెనక గోడమూల బాపమ్మ చేతులు తుడుచుకునే పాత గుడ్డ దొరికింది. మైనం పీల్చి పీల్చి గట్టిపడిన గుడ్డ. విప్పితే లోపల ఒక నిమ్మకాయ. నెల కిందటి కాయ. డబ్బా ముందు దొర్లిన దాని తోబుట్టువులు ఎండి గోలీల్లా అయిపోయాయి. ఇది మాత్రం నిద్రలేచిన పిల్లలా నిగనిగలాడుతోంది. కోస్తే రసం చివ్వున ఎగిరి కంట్లో పడింది. ఆ మంటలోనే నాకు నా భవిష్యత్తు కనబడింది.

శివరాత్రికి నూరు నిమ్మకాయలు నాలుగు రూపాయలు. ఉగాది దాటితే ఇరవై. ఈ రెండింటి మధ్య ఉన్నది నెల రోజులు, ఒక పూత మైనం.

నేనేమీ గుడ్డిగా దూకలేదు. బాపమ్మ గిన్నె అడుగున మిగిలిన ఉసిరికాయంత మైనం తీసుకుని, కాస్త నువ్వుల నూనెలో కరిగించి, అరచేతులకు రాసుకుని, ఇరవై కాయలను ఒక్కొక్కటిగా నిమిరాను. అంత చిన్న ముద్ద ఇరవైకి సరిపోవాలి కాబట్టి పిసినారిలా నిమిరాను. నెల తర్వాత కోస్తే పద్దెనిమిది బాగున్నాయి. అప్పుడు నేను చాచా దగ్గరికి వెళ్లాను.

చాచాది గోలీసోడా బండి. మా బాపు వయసు మనిషి, మా దుకాణంలోనే ఉప్పు, చక్కెర కొనేవాడు, చిన్నప్పటి నుంచి నన్ను బేటీ అనేవాడు. బస్టాండు బయటి గేటు పక్కన, వేపచెట్టు నీడలో ఆయన చోటు. ఆ చోటు కోసం ఆయన దూరంగా ప్రహరీ గోడ దగ్గర ఆరేళ్లు ఎండలో నిలబడ్డాడు. అంతకుముందు అక్కడ పల్లీలమ్మే ముసలాయన మానేశాక, ముందటి ఏడాదే అది చాచాకు దక్కింది. ఆ గేటు బండ్లవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. ఎండాకాలంలో ఒక బండి వరుసగా మూడు రోజులు నిలబడకపోతే, మూడో రోజు ఆ చోటు ఎవరు ముందొస్తే వాళ్లది. కాగితం లేదు, సంతకం లేదు, కానీ దాన్ని ఎవరూ తప్పేవాళ్లు కాదు.

"గీడ నిలబడితే బేటీ, మనిషి బస్సుల నుంచి కాలు కింద పెట్టంగనే మొదలు నా సోడ సప్పుడు ఇంటడు" అనేవాడు చాచా. గోలీ లోపలికి దిగేటప్పుడు వచ్చే ఆ కీచుమన్న ఈల గురించి. "నాలుగు నెలలు గీడ నిలబడితే ఎనిమిది నెలలు ఇంట్ల పొయ్యి మండుతది."

గ్లాసుకొక కాయ, రోజుకు నూట యాభై గ్లాసులు. మార్కెట్లో దళారి ఒకడు ఎండాకాలమంతా నూరు పన్నెండుకు ఆయనకు కాయలు ఇచ్చేవాడు.

"చాచా, ఉగాది సంది నెల దినాలు కాయ నేనిస్త. నూరుకు ఎనిమిది."

"ఎనిమిదా? ఎండకాలంల? బేటీ, నీకు జరమొచ్చిందా?"

"నా తిప్పలు నాకెర్క. నువ్వు దళారికి వద్దని చెప్పెయ్."

"వాడు గట్లెట్ల, ఒక్కసారి ఇడిస్తే మల్ల దగ్గరికి రానియ్యడు. నా కాయలు ఇంకొకనికి కడ్తడు."

"నేనున్న గద చాచా. ఫికర్ జెయ్యకు."

చాచా కాసేపు వేపచెట్టు వైపు చూశాడు. తర్వాత వెళ్లి దళారికి వద్దని చెప్పి వచ్చాడు. నా మాట మీద ఆయన పెట్టింది ఆ చెట్టు నీడ. అది నాకు అప్పుడే తెలుసు. తెలిసీ నవ్వుతూ ఇంటికి వచ్చాను.

మైనం ములుగు అడవి వైపు నుంచి వచ్చేది. ఒక ముసలామె తేనె సీసాలు, మైనం ముద్దలు గంపలో పెట్టుకుని నెలకోసారి మా గల్లీలోకి దిగేది. ఆమె వస్తే పూల వాసన కాదు, పూలు వాడిపోయి ఎంతో కాలమయ్యాక అడవికి గుర్తుండే వాసన ఏదో ముందుగా వచ్చేది.

"కిల పదహారు బిడ్డా."

"పదహారా? ఈగలకు జీతాలిస్తానవా అవ్వా?"

"నువ్వొచ్చి చెట్టెక్కు, పుక్కట్ల ఇస్త."

పొద్దు ఒక గోడ మీది నుంచి ఇంకో గోడ మీదికి జరిగేదాకా బేరం సాగింది. పదకొండుకు తెచ్చాను. ఆ ధరకు వచ్చాక ఒక కిలో కొని ఊరుకుంటే నన్ను కన్నవాళ్లకు చెడ్డపేరు. మూడు కిలోలు తూయించాను. తూయించి, "కొసరు?" అన్నాను. కొసరు లేకుండా మా ఇంట్లో కొత్తిమీర కూడా లోపలికి రాదు.

"మూడు కిలలెందుకు? ఇల్లంత పూస్తవా?"

"నాలుగు వేల నిమ్మకాయలకు."

ముసలామె నవ్వు ఆపింది. "నాలుగు వేలకు కిల గూడ పట్టదు బిడ్డా. తొడిమె కాడ ఒక సుక్క. ఒంటికి అరచెయ్యి తడి. అంతే. కాయ గూడ గాలి తీస్తది. దాని ముక్కు మూయకు."

తన సరుకు తక్కువ వాడమని చెప్పే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. నా పెంపకంలో అలాంటి మనిషికి చోటే లేదు. కొసరు ఎగ్గొట్టడానికి ఇదొక కొత్త దారి అని నాకు వెంటనే అర్థమైపోయింది. "మాటలు గాదు అవ్వా, కొసరెయ్" అన్నాను. ఆమె నన్ను ఒకసారి చూసి, గంపలోంచి అరకిలో ముద్ద తీసి మూడు కిలోల మీద పెట్టి వెళ్లిపోయింది. గెలిచాననుకున్నాను.

నేనూ బాపమ్మా నాలుగు రోజులు కూర్చున్నాం. ఆ నాలుగు రోజులూ నాకు రోజుల్లా గుర్తులేవు, ఒకే ఒక పొడుగాటి మధ్యాహ్నంలా గుర్తున్నాయి. వెనక గది కప్పులో ఒక అద్దపు పెంకు ఉండేది. దానిలోంచి దిగిన వెలుతురు నేల మీద చాపంత చోటులో నిలబడేది. మేం కాయల గుట్టను ఆ వెలుతురులోకి జరుపుకుంటూ, వెలుతురు జరిగితే మేమూ జరుగుతూ పని చేశాం. ముందు అరచేతుల పూత. కాయను రెండు చేతుల మధ్య పెట్టుకుని తిప్పితే, చేతులు చల్లగా, కాయ వెచ్చగా అయ్యేవి. కొంతసేపటికి కాయ ఎక్కడ మొదలై చెయ్యి ఎక్కడ ముగుస్తుందో తెలిసేది కాదు. బాపమ్మ ఏదో పాడుతున్నట్టు మూలిగేది. దుకాణంలో బాపు తూకం రాళ్లు ఇనుప పళ్లెంలో పడే చప్పుడు ఎక్కడో చెరువు అవతలి నుంచి వస్తున్నట్టు వినబడేది.

రెండో రోజు సాయంత్రానికి నాలుగు వేలూ అయిపోయాయి. గిన్నెలో చూస్తే మైనం రెండున్నర కిలోలకు పైగా మిగిలి ఉంది.

"ఐపోయింది. లే, చేతులు కడుక్కో" అంది బాపమ్మ.

"ఇంత మిగిలింది గద."

"మిగిల్తె మిగలనీ. జాడీలకు అయితది."

ఇక్కడ లేచి చేతులు కడుక్కున్న మనిషి ఎవరైనా ఉంటే ఆ మనిషి వేరే ఇంట్లో పుట్టి ఉండాలి. పదకొండుకు తెచ్చిన సరుకు, పైన పుక్కట్ల వచ్చిన సరుకు, నా కళ్లముందు పనీపాటా లేకుండా కూర్చుని ఉంటే నాకు నిద్ర పట్టదు. ఒక పూతకు నెల ఆగితే రెండు పూతలకు రెండు నెలలు ఆగుతాయి కదా. ఈ లెక్కలో తప్పెక్కడుందో మా దుకాణంలో ఎవరూ చెప్పలేరు. మర్నాడు పొద్దున మైనం మళ్లీ కరిగించి, చిల్లుల గరిటెలో కాయలు పెట్టి, ముంచి, తీసి, ముంచి, తీసి, గడ్డి మీద దొర్లించాను. చివరి గంప దగ్గరికి వచ్చేసరికి మైనం అయిపోయింది. అందులో మూడు వందల కాయలు. వాటికి రెండో పూత దక్కలేదు. పాపం అనుకున్నాను.

ఆ తర్వాత మూడు వారాలు నా జీవితంలో అందమైనవి. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు వెనక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి కూర్చునేదాన్ని. గంపల నిండా కాయలు. మైనం కింద పసుపు రంగు మసకబారి, మంచు పట్టిన దీపాల్లా ఉండేవి. అద్దపు పెంకు మీద మబ్బు జరిగితే గదంతా ఒక్కసారి కళ్లు మూసి తెరిచినట్టయ్యేది. తేనె వాసన, గడ్డి వాసన, చల్లటి మట్టి వాసన. అక్కడ కూర్చుని నేను చూడని ఊళ్లు చూసేదాన్ని. ఆ నాలుగు వేలు ఎనిమిది వేలయ్యేవి, పైయేడు పాలంపేట వైపు నిమ్మతోటే కౌలుకు తీసుకునేదాన్ని, తోటలో ఒక అరుగు, అరుగు మీద బాపమ్మ. ధర అడిగేవాళ్లు దూరం నుంచి నడిచి వస్తూనే ఉండేవాళ్లు, ఎప్పటికీ చేరేవాళ్లు కాదు. అంత హాయిగా ఉండేది.

నాలుగో వారంలో బాపమ్మ ముక్కు ఎగబీల్చింది.

"ఇంట్ల కల్లు వాసనొస్తాంది. ఎవడు తాగిండు?"

ఇంట్లో ఉన్న మగమనిషి బాపు ఒక్కడే.

"అమ్మా, యాభై దాటిన మనిషిని. గిదేం అడుగుడు?"

"ఏదీ, ఊదు."

బాపు ఊదాడు.

"తమలపాకు నమిలి కప్పిపెడ్తానవ్" అని తీర్పు చెప్పింది. మూడు రోజులు ఆయనకు రెండో అన్నం వడ్డించలేదు. ఆ వాసన ఏ గదిలోంచి వస్తోందో నాకు తెలుసు. బాపుకు సాక్ష్యం చెబితే నా గది తలుపు తెరవాలి. చెప్పలేదు. తర్వాత ఒక్కదాన్నే వెళ్లి ఒక కాయ కోశాను. తొడిమె దగ్గర గోధుమ రంగు తిరిగింది. రసం నిండుగానే ఉంది కానీ ముక్కుకు గుచ్చుకుంది. ఉప్పేసి, చక్కెర వేసి, నీళ్లు పోసి తాగేశాను. కొత్త రుచి అని పేరు పెట్టాను. ఇంకొకటి కోయలేదు. కోస్తే ఒక కాయ దండగ.

ఉగాది మర్నాడు పొద్దున్నే చాచా వచ్చి నూట యాభై కాయల గంప తీసుకుపోయాడు. మధ్యాహ్నం ఎండలో, బండి ఎవరికో అప్పజెప్పి, ఒక గ్లాసు మీద అరచెయ్యి మూతపెట్టుకుని మా దుకాణం మెట్లెక్కాడు.

"బేటీ, జర తాగి సూడు."

తాగాను.

"ఏమన్నరు చాచా, తాగినోళ్లు?"

"చానమంది ఉమ్మిండ్రు. ఒక్క డ్రైవర్ మాత్రం రెండు గ్లాసులు తాగిండు. మూడోది అడిగిండు. గప్పుడు నాకు డౌటొచ్చింది."

బాపు ఫక్కున నవ్వి, వెంటనే ఆపుకున్నాడు. తన పరువు తిరిగి వచ్చిందని ఆయనకు అప్పుడే అర్థమైంది.

చాచా నవ్వలేదు. "రంజాన్ల నెల దినాలు రోజా ఉండేటోన్ని బేటీ. నా బండిని కల్లు దుకాణం జేసినవ్."

వాకిట్లో కూర్చుని ఇద్దరం కాయలు కోశాం. ఒక గంప, రెండో గంప, మూడో గంప. అన్నీ అంతే. బయట చెక్కుచెదరలేదు, లోపల పులిసిపోయాయి. మైనం తన పని తాను చేసింది. బయటి గాలిని లోపలికి రానివ్వలేదు, లోపలి గాలిని బయటికి పోనివ్వలేదు. చాలా ఏళ్ల తర్వాత మా ఊళ్లోకి నిగనిగలాడే ఆపిల్ పండ్లు వచ్చినప్పుడు గోటితో గీకి చూసేదాన్ని. గోరు కింద కనబడీ కనబడనంత మైనం. అంతే పూసేవాళ్లు. అడవి ముసలామె చెప్పిందీ అంతే.

చివరి గంప కోశాం. రసం చివ్వుమంది. రెండో పూత దక్కని మూడు వందల కాయలూ బతికి ఉన్నాయి.

"రెండు దినాలకు అయితయి" అన్నాడు చాచా. "తర్వాత?"

"ఇంక బాగున్న గంపలున్నయ్ లోపల. నేనిస్త."

లోపల ఏమీ లేదు. మూడో రోజు నుంచి తెల్లవారుతూనే మార్కెట్‌కు వెళ్లి, నూరు ఇరవైకి కాయలు కొని, ఇంటికి తెచ్చి, మా కాయల్లా కనబడేందుకు పులిసిన కాయల మీంచి గీకి కరిగించిన మైనం తడి అరచేత్తో కాస్త రాసి, చాచాకు ఎనిమిదికి ఇచ్చాను. ఆరు రోజులు సాగింది. ఆ తెల్లవారుజాములు కూడా కలలాగే ఉన్నాయి. మసక చీకట్లో కూరగాయల బండ్లు, లాంతర్ల వెలుతురులో దళారుల మొహాలు, వాళ్లు చెప్పిన ధరకు తల ఊపుతున్న నేను. నన్ను నేను దూరం నుంచి చూస్తున్నట్టుండేది. ఎవరీమె, ఎవరి బిడ్డ అని.

ఏడో రోజు చాచా ఖాళీ గంపతో వచ్చి దాన్ని గల్లా ముందు పెట్టాడు.

"మార్కెట్ల చెప్పిన రేటుకు కొంటానవంట. సావుకారి బిడ్డకు పానం బాగలేదా అని దళారి నన్నడిగిండు."

నేను తూకం రాళ్లు సర్దబోయాను.

"ఇరవైకి కొని నాకు ఎనిమిదికి ఇస్తానవా?"

"మాటిచ్చిన చాచా."

"కాయలిస్తనన్నవ్. పైసలిస్తనన్లే. నేను బిచ్చపోన్నా?"

గంప అక్కడే వదిలి వెళ్లిపోయాడు. ఇరవైకి కొంటే పావలా గ్లాసులో ఆయనకు మిగిలేది ఏమీ లేదు. పాత దళారి ఆయన కాయలు వేరేవాళ్లకు కట్టేశాడు. మొదటి రోజు చాచా బండి గేటు దగ్గరికి వెళ్లలేదు. రెండో రోజూ వెళ్లలేదు.

మూడో రోజు పొద్దున తొమ్మిదింటికి నేను ఆ పాత దళారి ముందు నిలబడ్డాను. ఏ ధరైనా చాచాతో పన్నెండే అని చెబుదామని, మిగతాది నేను పెట్టుకున్నానని ఆయనకు ఎప్పటికీ తెలియకుండా చూద్దామని వెళ్లాను. దళారి పద్దెనిమిది అన్నాడు. సరే అంటే చాలు. కానీ వారం రోజులుగా నోరు కట్టుకుని ఉన్నాను. పద్దెనిమిది అన్న మాట చెవిలో పడగానే బేరం నా నోట్లోంచి దానంతటదే లేచింది. పద్నాలుగు అన్నాను. వాడు నవ్వాడు. నేను మూడడుగులు నడిచాను. వాడు పిలిచాడు. ఎన్నాళ్లకో సొంత ఊరు చేరినట్టయింది నాకు. పిల్లలంటాం, పెట్టుబడంటాం, ఎండంటాం, ఒకరి మీదొకరు ఒట్లు పెట్టుకుంటాం. చివరికి పదిహేనుకు తెగింది. మూడు వందల కాయల సంచి రిక్షాలో వేయించి తలెత్తితే సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు.

చాచా ఇంటికి వెళ్లి, పన్నెండుకే దొరికాయని చెప్పి, బండి బయటికి తీయించి, ఇద్దరం గేటు దగ్గరికి చేరాం. దూరం నుంచే గజ్జెల చప్పుడు వినబడింది. వేపచెట్టు కింద చెరుకు రసం బండి. చక్రానికి కట్టిన గజ్జెలు నింపాదిగా మోగుతున్నాయి. చెట్టు నీడ ఆ బండి మీద చిన్న చిన్న నాణేల్లా కదులుతోంది.

"పెద్దమనిషీ, మూడు దినాలు ఖాళీగున్నది గద" అన్నాడు ఆ బండి మనిషి, మర్యాదగానే. "మానేసినవన్నరు. పదకొండు గొట్టంగ వచ్చిన నేను."

"నిజమే" అన్నాడు చాచా. "మూడు దినాలు."

చోటు ఎవరిదో ఆ కట్టుబాటు తెలిసినవాళ్లకు ఇంకో మాట అక్కర్లేదు. తొమ్మిదింటికి నేను పద్దెనిమిదికి సరే అని ఉంటే మేం పదింటికి అక్కడ ఉండేవాళ్లం.

అప్పుడా బండి మనిషి నా సంచి వైపు చూశాడు. "అక్కా, గా నిమ్మకాయలెంత? రసంల పిండెతందుకు గావాలె."

"నూరుకు..." అన్నాను.

చాచా నా మొహం చూసి నవ్వాడు. మొదట మెల్లగా, తర్వాత భుజాలు కదిలేలా, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. గజ్జెలు మోగుతూనే ఉన్నాయి.

చాచా దవాఖాన గోడ పక్కన బండి పెట్టుకున్నాడు. నీడ లేదు. రోజుకు అరవై గ్లాసులు. ఎండలు తగ్గాక ఒకరోజు నేను అక్కడికి వెళ్లాను.

"చాచా, నీకెంత నష్టమొచ్చిందో చెప్పు. ఇస్త."

"నష్టమేంది బేటీ? అల్లా జూస్కుంటడు."

"గట్ల గాదు. రేటు చెప్పు."

"వంద."

"వందనా? నన్ను మోసం జేస్తానవా? నాలుగు వందలు."

"నూట యాభై. ఇంక ఒక్క పైస గూడ పైకెక్క."

"మూడు వందల యాభై. నాకూ పిల్లలు గావాలె చాచా, ఉసురు తగుల్తది."

"రెండు వందలు. ఇగ పో."

నేను మూడడుగులు నడిచాను. ఆయన పిలిచాడు. రెండు వందల యాభైకి తెగింది.

ఇప్పుడు లెక్క. నిమ్మకాయలు నాలుగు వేలు, నూట అరవై. మైనం, ముప్పై మూడు. ఇరవైకి కొని ఎనిమిదికి ఇచ్చిన తొమ్మిది వందల కాయల మీద పోయింది నూట ఎనిమిది. బతికిన మూడు వందల కాయలకు చాచా ఇచ్చింది ఇరవై నాలుగు తీసేయాలి. పులిసిన మొదటి గంపకు నేను డబ్బు తీసుకోలేదు. ఆఖరి సంచి ఇంట్లో వాడేశాం, దాన్ని లెక్కలో వేయను. చాచాకు ఇచ్చింది రెండు వందల యాభై. నాకు పోయింది మొత్తం ఐదు వందల ఇరవై ఏడు.

చాచా వైపు చూస్తే, రోజుకు తొంభై గ్లాసులు తగ్గాయి, గ్లాసుకు పది పైసలు, గిరాకీ గట్టిగా ఉండే అరవై రోజులు. ఐదు వందల నలభై. అంటే ఆ రోజు దవాఖాన గోడ దగ్గర, తల దించుకుని, ప్రాయశ్చిత్తం చేసుకుంటూ కూడా నేను రెండు వందల తొంభై రూపాయలు తగ్గించుకుని వచ్చాను. ఆ సంగతి ఇంటికొచ్చి కాగితం మీద వేసుకుంటే గానీ నాకు తెలియలేదు. తెలిశాక మళ్లీ వెళ్లలేదు.

అది ఒక్క వేసవికి. గేటు దగ్గరి చోటు మళ్లీ దొరకలేదు. చాచా ఆ గోడ పక్కనే ఇంకా తొమ్మిది వేసవులు ఎండలో నిలబడి, ఎనభైల చివర మానేశాడు. పది వేసవులు, ఐదు వేల నాలుగు వందలు. అందులో నేను కట్టింది రెండు వందల యాభై. మిగతాది చాచా కట్టాడు.